మూడో గడి

పొయ్యి మీద ఎసరు పెట్టినవాళ్లను "ఎంతసేపటికి మరుగుతుంది?" అని అడిగి చూడండి. "ఇదిగో, ఇప్పుడే" అంటారు. ఐదు నిమిషాలాగి అడిగినా అదే జవాబు. ఆ గిన్నె కొత్తది కాదు, పొయ్యి కొత్తది కాదు, పోసే నీళ్ల కొలత కూడా ఏళ్ల తరబడి మారలేదు. రోజుకు రెండు పూటల చొప్పున కొన్ని వేలసార్లు కళ్లముందు జరిగిన పని. అయినా నిమిషాల లెక్క అడిగితే తడుముకుంటాం. చూడక కాదు, ఒక్కసారి కూడా రాసుకోక.

ఈ అధ్యాయంలో మీ చేత ఒకే ఒక్క పని చేయించదలచుకున్నాను. రెండు లీటర్ల నీళ్లు కాచండి, నిమిషానికోసారి అవి ఎంత వేడెక్కాయో రాయండి. పావుగంట పని. ఈ పుస్తకంలో మిగతా అధ్యాయాలు చదివి ఊరుకున్నా నేనేమీ అనుకోను. దీన్ని మాత్రం చదివి వదిలేయకండి, చేయండి. నేను ఇంటర్ పిల్లలకు చాలా ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. పాఠంలో ఎంత బాగా చెప్పినా ఎక్కని విషయం, సొంత చేత్తో రాసిన పది అంకెల దగ్గర ఎక్కడం నా కళ్లతో చూశాను.

నీళ్లు పొయ్యి మీద పెట్టకముందే ఒక పని ఉంది. నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన తేదీ వేసి, ఎన్ని నిమిషాల్లో మరుగుతాయనుకుంటున్నారో పెన్నుతో రాయండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమంది అంచనాలూ పేర్లతో సహా రాయండి. కాగితం మీద పెట్టకుండా మనసులో అనుకున్న అంచనాకు కాళ్లుంటాయి. జవాబు తెలిశాక మెల్లగా నడుచుకుంటూ వెళ్లి దాని పక్కన నిలబడుతుంది. "నేను అనుకున్నట్టే అయింది" అని మనల్ని మనమే నమ్మిస్తాం. పెన్నుతో రాసినది మాత్రం రాసినచోటే ఉంటుంది.

ఇక సరంజామా. జ్వరం చూసే థర్మామీటరు దీనికి పనికిరాదు, అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. సూదిలాంటి కడ్డీ ఉండే వంటింటి డిజిటల్ థర్మామీటరు తీసుకోండి. లేదా ప్రయోగశాలలో వాడే, ఎర్ర ద్రవం ఉండే గాజు థర్మామీటరైనా సరే, 110 డిగ్రీల దాకా చూపేది కావాలి. పాదరసం ఉన్నది వంటింట్లోకి తేవద్దు, పగిలితే ప్రమాదం. కొత్త థర్మామీటరును అలాగే నమ్మేయకండి. ఐసు ముక్కలు చితగ్గొట్టి, కాసిని నీళ్లు కలిపి, అందులో ముంచితే సున్నా దగ్గరికి రావాలి. ఒక డిగ్రీ ఎక్కువ చూపితే పారేయనక్కర్లేదు. "ఒకటి ఎక్కువ చూపుతుంది" అని పేజీలో రాసుకుంటే చాలు. తప్పు ఎంతో తెలిసిన పనిముట్టు నమ్మదగిన పనిముట్టే.

నీళ్లు గ్లాసులతో ఉజ్జాయింపుగా కాకుండా, లీటరు కొలతతో పోయండి. థర్మామీటరు మొన గిన్నె అడుక్కి తగలకూడదు, నీళ్ల మధ్యలో ఉండాలి. అడుగున వేడెక్కిన నీరు పైకి లేస్తుంటుంది, చల్లటిది దిగుతుంటుంది. అందుకని రీడింగు తీసే ముందు గరిటెతో ఒకసారి కలపాలి. ఒకరు గడియారం చూసి "ఇప్పుడు" అనాలి, ఒకరు అంకె చదవాలి, ఒకరు రాయాలి. చిన్నపిల్లలకు గడియారం పని ఇవ్వండి, పొయ్యికి దూరంగా కూచోబెట్టి. అంత శ్రద్ధగా ఆ పని చేసేవాళ్లు ఇంట్లో ఇంకెవరూ ఉండరు.

ఒక నియమం దగ్గర మాత్రం నేను పట్టు విడవను. నిమిషం పూర్తయినప్పుడే చదవాలి. "ఇంకో రెండు సెకన్లాగితే 50 అవుతుంది, గుండ్రంగా ఉంటుంది" అని ఆగకూడదు. రీడింగు ఎప్పుడు తీయాలో గడియారం చెబుతుంది, అంకె నచ్చిందా లేదా అన్నది కాదు. తప్పు చదివామనిపిస్తే దాని మీద ఒక గీత గీసి పక్కన రాయండి. రబ్బరుతో చెరపొద్దు. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో కాస్త ముందుకెళ్లాక మీకే తెలుస్తుంది.

పేజీలో మూడు నిలువు గడులు గీయండి. మొదటిది నిమిషం. రెండోది వేడి. మూడోది ఇప్పటికి ఖాళీ.

మా ఇంట్లో, ఇండక్షన్ స్టవ్ మీద, మూత లేని స్టీలు గిన్నెలో రెండు లీటర్ల నీళ్లకు వచ్చిన వరుస ఇది. పొయ్యి వెలిగించిన క్షణం నుంచి నిమిషానికొకటి చొప్పున: 28, 34, 41, 48, 55, 62, 69, 75, 81, 87, 92, 96, 98, 98, 98.

మామూలుగా చూస్తే ఇందులో ఏముంది? వేడి పెరిగింది, మరిగింది. ఆ ముక్క చెప్పడానికి థర్మామీటరు ఎందుకు? ఇప్పుడు మూడో గడి నింపుదాం. పక్కపక్క అంకెల మధ్య తేడాలు అందులో రాయాలి: 6, 7, 7, 7, 7, 7, 6, 6, 6, 5, 4, 2, 0, 0.

ఈ వరుసను కాసేపు చూస్తూ కూచోండి. రెండో గడి నీళ్లు ఎక్కడున్నాయో చెబుతుంది. ఏం జరుగుతోందో చెప్పేది మూడోది. మొదటి నిమిషంలో 6 మాత్రమే, ఎందుకంటే స్టవ్ ముందు గిన్నెను వేడి చేయాలి, ఆ తర్వాతే నీళ్ల వంతు. ఆపైన ఐదు నిమిషాలు 7 చొప్పున, గడియారానికి కట్టేసినట్టు. ఆరో నిమిషం తర్వాత తేడా తగ్గడం మొదలైంది. స్టవ్ మీద నేను చేయి వేయలేదు. అదే గిన్నె, అదే కరెంటు. మరి నీళ్లు ఎందుకు మెల్లబడ్డాయి?

గిన్నె మీద అరచేయి కాస్త ఎత్తుగా పెడితే తెలుస్తుంది. 70 దాటాక ఆవిరి చేతికి తడిగా తగులుతుంది. అంతకుముందూ ఆవిరి పోతూనే ఉంది గానీ, వేడెక్కేకొద్దీ ఆ పోవడం జోరందుకుంటుంది. పోయే ప్రతి గ్రాము నీరూ చాలా వేడిని వెంటబెట్టుకుని పోతుంది. గిన్నె గోడల నుంచి గాలికి పోయే వేడి కూడా అలాగే పెరుగుతుంది. పైకి పోయేకొద్దీ చిల్లులు ఎక్కువుండే తొట్టిని ఊహించుకోండి. కింద కుళాయి ధార ఒకేలా ఉన్నా, నీటిమట్టం పెరిగేకొద్దీ నింపడం నెమ్మదిస్తుంది. 7 నుంచి 6కి, 6 నుంచి 5కి దిగిన ఆ అంకెలు ఆ చిల్లుల లెక్కే.

చెరపొద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఇంటర్ చదివేటప్పుడు ఇలాంటి ప్రాక్టికల్ ఒకటి మా చేత చేయించారు. స్పిరిట్ దీపం మీద బీకరు, అందులో నీళ్లు, నిమిషానికో రీడింగు, తర్వాత గ్రాఫు. నా చుక్కలు 70 దాకా స్కేలు పెట్టినట్టు వచ్చి, ఆపైన కిందికి వంగాయి. సీనియర్ల రికార్డులో మాత్రం మొదటి నుంచి చివరిదాకా తిన్నటి గీత. నేను తప్పు చేశాననుకున్నాను. చివరి నాలుగు రీడింగులూ రబ్బరుతో చెరిపి, గీత మీద పడేలా కొత్త అంకెలు వేశాను. మార్కులు పూర్తిగా పడ్డాయి. ఎవరూ అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత, నేనే లెక్చరర్నై ఒక కుర్రవాడి గ్రాఫులో అదే వంపు చూసినప్పుడు, ఆ రోజు నేను చెరిపింది ఏమిటో అర్థమైంది. నేను చెరిపింది ఆవిరిని. నా పట్టికలో నిజంగా చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అది ఆ నాలుగు అంకెలే. మిగతావి అందరి రికార్డుల్లోనూ ఉన్నాయి. ఆ కుర్రవాడికి ఆ రోజు ఎక్కువ మార్కులు వేశాను. ఎందుకు వేశానో క్లాసులో అందరికీ చెప్పాను.

లెక్క ఏమంటుంది

ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల వేడి కావాలి. దీన్నే నీటి విశిష్టోష్ణం అంటారు. పదో తరగతి దాటినవాళ్లంతా చదివిన అంకె, చాలామంది పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన అంకె. దాన్ని ఇప్పుడు వంటింట్లోకి తెచ్చుకుందాం. మా గిన్నెలో రెండు లీటర్లు, అంటే రెండు కిలోల నీరు. నిమిషానికి 7 డిగ్రీలు. రెండును ఏడుతో, దాన్ని 4.2తో గుణిస్తే దాదాపు 59 కిలోజౌళ్లు. నిమిషానికి అంత వేడి నీళ్లలోకి చేరుతోందన్నమాట.

మరి కరెంటు ఎంత తీసుకుంది? దీనికి ప్రత్యేకమైన పరికరం అక్కర్లేదు. కొత్తరకం కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు ముఖం మీదే అచ్చువేసి ఉంటుంది. మా మీటరు మీద 3200 అని ఉంది. ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. కాబట్టి ఒక్కో మిణుకు 1.125 కిలోజౌళ్లు. ఫ్రిజ్‌తో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, స్టవ్ ఒక్కటే నడుస్తుండగా నిమిషంపాటు లెక్కపెడితే 64 మిణుకులు వచ్చాయి. అంటే 72 కిలోజౌళ్లు. స్టవ్ మీద 1200 వాట్లు అని చూపిస్తోంది, అదీ నిమిషానికి 72 కిలోజౌళ్లే. రెండూ కలిసినప్పుడు కలిగే తృప్తి మాటల్లో చెప్పలేను, చేసి చూడండి.

72 కొన్నాం, 59 నీళ్లకు చేరింది. నూటికి 82 పాళ్లు. గిన్నె వేడెక్కడానికి పోయింది కూడా కలుపుకుంటే ఇంకాస్త ఎక్కువే. ఇది ఆ మధ్య నిమిషాల మాట. చివర్లో తేడా 5కి దిగినప్పుడు లెక్క కడితే నీళ్లకు చేరుతున్నది 42 కిలోజౌళ్లే. నూటికి 58. కొన్నది అప్పుడూ 72 కిలోజౌళ్లే. మొత్తం పన్నెండు నిమిషాలకు సగటు కట్టి ఒకే అంకె చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు. సగటు అబద్ధం కాదు గానీ, కథలో మలుపును మింగేస్తుంది.

మర్నాడు అదే గిన్నెకు మూత పెట్టి మళ్లీ చేశాను. రీడింగుకు ముందు మూత ఓరగా జరిపి, ఒకసారి కలిపి, వెంటనే మూసేశాను. తేడాలు చివరిదాకా 7 దగ్గరే నిలిచాయి. పది నిమిషాలు దాటీ దాటకముందే మరిగాయి. మూత లేనప్పుడు పట్టింది పన్నెండు. "ఆవిరి తప్పించుకుపోతోంది" అని ముందురోజు నేను చేసిన ఊహకు ఇది సాక్ష్యం. ఊహించి ఊరుకుంటే అది అభిప్రాయం. ఒక్క మార్పు మాత్రమే చేసి మళ్లీ కొలిస్తే అప్పుడు తెలిసిన విషయం అవుతుంది. రెండు మార్పులు ఒకేసారి చేయొద్దని పిల్లలకు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవాణ్ని. మూతా పెట్టి, స్టవ్ వాట్లూ పెంచితే తేడా దేనివల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు?

మిగిలిన కరెంటు విలువ పైసల్లోనే ఉంటుంది, ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ సంపాదించుకున్నది ఆ పైసలు కాదు.

అంకె కదలని చోటు

పట్టిక చివర ఉన్న 98, 98, 98 చూసి కొందరు పాఠకులు "వంద కదా ఉండాలి" అనుకుని ఉంటారు. వందే అని చేయి అలవాటుగా రాసేస్తుంది, జాగ్రత్త. నీరు సరిగ్గా వంద డిగ్రీల దగ్గర మరిగేది సముద్రమట్టం దగ్గర. ఎత్తుకు పోయేకొద్దీ పైనున్న గాలి ఒత్తిడి తగ్గుతుంది, మరిగే వేడి కూడా తగ్గుతుంది. సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున. విశాఖ తీరాన ఉన్నవాళ్లకు దాదాపు 100 వస్తుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి మాకు 98. హార్స్‌లీ హిల్స్ మీద, 1200 మీటర్లు దాటిన చోట, 96 దగ్గరే సలసల మరుగుతుంది. మీరున్న ఊరి ఎత్తు మీ థర్మామీటరే చెబుతుంది.

ఇక అసలు ప్రశ్న. 98 దగ్గర మూడో గడిలో సున్నాలు పడుతున్నాయి. స్టవ్ మాత్రం నిమిషానికి 72 కిలోజౌళ్లు తోస్తూనే ఉంది. ఆ వేడంతా ఎక్కడికి పోతోంది?

ఈ ప్రశ్నను గడియారం చేతపట్టుకుని అడిగినవాడు జోసెఫ్ బ్లాక్. స్కాట్లాండ్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1760ల తొలి సంవత్సరాల మాట ఇది. నీళ్లు మరిగే వేడికి చేరాక ఇంకొంచెం మంట తగిలితే చాలు, అంతా ఆవిరైపోతుందని అప్పట్లో పండితులే అనుకునేవారు. అదే నిజమైతే ఎసరు మరగడం మొదలైన కాసేపటికే గిన్నె ఖాళీ అవ్వాలి. అలా అవ్వదని ఇంట్లో వండేవాళ్లందరికీ తెలుసు. తెలిసిన దాన్ని కొలవాలని బ్లాక్‌కు తోచింది. ఎర్రగా కాలిన ఇనుప పలక మీద చదును అడుగు ఉన్న రేకు గిన్నెల్లో కొద్దిగా నీళ్లు పోసి పెట్టాడు. ఆ నీళ్లు 50 ఫారన్‌హీట్ దగ్గర ఉన్నాయి, మన లెక్కలో 10 డిగ్రీలు. నాలుగు నిమిషాల్లో మరగడం మొదలైంది. మొత్తం ఆవిరైపోవడానికి మరో ఇరవై నిమిషాలు పట్టింది.

చేతిలో ఉన్నవి ఈ రెండు సమయాలే. వాటితో ఆయన కట్టిన లెక్క చూడండి. నాలుగు నిమిషాల్లో 90 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగాయంటే నిమిషానికి 22.5. పలక అంతే వేడిగా ఉంది కాబట్టి ఆ తర్వాతా అదే చొప్పున వేడి ఇస్తూనే ఉండాలి. ఇరవై నిమిషాలకు 450 డిగ్రీలు పెంచగలిగినంత వేడి నీళ్లలోకి వెళ్లింది. థర్మామీటరు మాత్రం ఒక్క గీత కూడా కదల్లేదు. ఆ దాగిన వేడికి ఆయన పెట్టిన పేరునే మనం గుప్తోష్ణం అంటున్నాం. ఇవాళ్టి కచ్చితమైన కొలతల ప్రకారం అది 450 కాదు, దాదాపు 540. పొయ్యి, రేకు గిన్నె, థర్మామీటరు, గడియారం తప్ప మరేమీ లేని మనిషి అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే విషయం. ఆ విశ్వవిద్యాలయంలోనే పరికరాలు బాగుచేసే కుర్రవాడు ఒకడు, ఎంతో నీటిని మరిగించడానికి ఆవిరి ఎంత కొద్దిగా చాలునో చూసి ఆశ్చర్యపోయాడు. తన బరువుకు దాదాపు ఆరు రెట్ల నీటిని ఆవిరి మరిగే వేడికి తేగలుగుతోంది. కారణం బ్లాక్ వివరించాడు. ఆ కుర్రవాడి పేరు జేమ్స్ వాట్. మన స్టవ్ మీద 1200 అని అంకె పక్కన కనబడేది ఆయన పేరే.

మన గిన్నె దగ్గరికి వద్దాం. ఎసరు మరిగాక మంట పెద్దదిగా ఉంచితే అన్నం తొందరగా ఉడకదు. ఉడికించేది వేడి స్థాయి, అది 98 దాటదు. పెద్ద మంట చేసేది ఒక్కటే, నీటిని త్వరగా ఆవిరి చేయడం. మరగడం మొదలవగానే మంట సిమ్‌లో పెట్టాలన్నది మా అమ్మకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఎందుకో నేను ఆమెకు పట్టిక చూపించి చెప్పిన రోజున, పేజీ చాలాసేపు చూసి, "మరి కుక్కర్లో ఎందుకు తొందరగా ఉడుకుతుంది?" అని అడిగింది. అక్కడ ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచుతాం, కాబట్టి నీరు 120 డిగ్రీల దగ్గరదాకా వెళ్లి గానీ మరగదు. హార్స్‌లీ హిల్స్‌కు సరిగ్గా తిరగేసిన కథ. ఆ ప్రశ్న నా విద్యార్థులు ఒక్కరూ అడగలేదు.

ఒకసారి చేసి వదిలేయొద్దు

గ్యాస్ స్టవ్ ఉన్నవాళ్లు ఇదే పరీక్షను మూడు నెలలకోసారి చేయండి. అదే గిన్నె, అవే రెండు లీటర్లు, అదే బర్నర్. ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. మే నెలలో ట్యాంకు నీళ్లే 35 డిగ్రీలుంటాయి, జనవరిలో 22. మరగడానికి పట్టిన మొత్తం సమయాన్ని పోలిస్తే స్టవ్ ఎండాకాలంలో బాగుపడి చలికాలంలో పాడైనట్టు కనిపిస్తుంది. పోల్చాల్సింది మూడో గడిలో మధ్య నిమిషాల అంకెల్ని. పోయినసారి 7 ఉన్నది ఈసారి 5 అయితే, మంట పసుపు రంగుకు తిరిగి గిన్నె అడుగు మసిబారుతుంటే, బర్నరు చిల్లులు పూడుకుపోయాయని అర్థం. శుభ్రం చేశాక మళ్లీ కొలవండి. బాగు చేశానని చెప్పిన మెకానిక్ మాట మీదా, మీ నమ్మకం మీదా ఆధారపడనక్కర్లేదు.

గీజరు విషయం క్లుప్తంగా చెబుతాను. 15 లీటర్ల గీజరు, 2000 వాట్లు అనుకుందాం. నిమిషానికి 120 కిలోజౌళ్లు. ఆ నీళ్లు ఒక డిగ్రీ పెరగడానికి 63 కావాలి. అంటే నిమిషానికి రెండు డిగ్రీల కన్నా కొంచెం తక్కువ. 25 నుంచి 60కి చేరడానికి 18 నిమిషాలకు పైన పడుతుంది. నీళ్లు 18 దగ్గర ఉండే చలికాలపు పొద్దున మరో నాలుగు నిమిషాలు కలుపుకోవాలి. స్విచ్ వేసిన క్షణం నుంచి దీపం ఆరేదాకా గడియారం చూసి మీ ఇంటి అంకె రాసుకోండి. గంట ముందు వేయడం, ఐదు నిమిషాల ముందు వేసి చన్నీళ్లు పోసుకోవడం, రెండూ తప్పుతాయి. ఒక హెచ్చరిక: నీళ్ల బకెట్‌లో ముంచే హీటరు రాడ్‌తో ఈ ప్రయోగం చేయకండి. కరెంటు ఉండగా ఆ నీళ్లలో థర్మామీటరు గానీ వేలు గానీ పెట్టకూడదు.

చల్లారడమూ ఒక పట్టికే

నా పాఠకుల్లో ఎక్కువమందికి బాగా ఉపయోగపడే భాగం ఇదేనని నా నమ్మకం. పాలు కాచాక తోడు ఎప్పుడు వేయాలి? మరీ వేడిగా ఉంటే చేమిరిలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మరీ చల్లారితే పెరుగు తెల్లారేదాకా పాలలాగే ఉంటుంది. 42 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, చిటికెన వేలు ముంచితే హాయిగా ఓర్చుకోగలిగినంత. ఆ వేలు ముంచడం కోసం రాత్రి పది గంటల దాకా మేలుకుని, మధ్యలో నాలుగుసార్లు వంటింట్లోకి వెళ్లివచ్చే ఇళ్లు నాకు తెలుసు.

కాగిన గిన్నెను దించి మూత పెట్టి, ఐదు నిమిషాలకోసారి వేడి రాయండి. ఇక్కడ మూడో గడిలో రాయాల్సింది పక్కపక్క అంకెల తేడా కాదు. గది వేడి కన్నా పాలు ఎంత ఎక్కువ వేడిగా ఉన్నాయన్నది రాయాలి. గది 30 అయి పాలు 90 అయితే, 60 రాయండి. మా అర లీటరు గిన్నెలో ఆ 60 సగమై 30కి రావడానికి 25 నిమిషాలు పట్టింది, అంటే పాలు 60 డిగ్రీలకు వచ్చాయి. ఆ 30 సగమై 15కి రావడానికి మళ్లీ ఇంచుమించు 25 నిమిషాలే. ఆ తేడా ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా సగం కావడానికి దాదాపు అంతే సమయం. వేడి తేడా ఎక్కువుంటే జోరుగా చల్లారుతుంది, తగ్గేకొద్దీ నిదానిస్తుంది. ఈ పోకడను మొదట అంకెల్లో పెట్టినవాడు న్యూటన్. కాలిన ఇనుప దిమ్మ గాలికి చల్లారుతుంటే, దాని మీద పెట్టిన లోహపు ముక్కలు ఏవేవి ఎప్పుడు గడ్డకట్టాయో సమయాలు గుర్తుపెట్టి, 1701లో తన పేరు లేకుండా లాటిన్‌లో ప్రచురించాడు. పూర్తిగా మరుగుతున్న పాలకు, మూత లేని గిన్నెకు ఈ సూత్రం అంత చక్కగా అమరదు, ఆవిరి అడ్డొస్తుంది. అందుకే మూత పెట్టమన్నాను, 90కి వచ్చాకే లెక్క మొదలుపెట్టమంటున్నాను.

ఒక్కసారి మీ గిన్నెకు సగమయ్యే సమయం ఎంతో తెలిస్తే చాలు. ఆ గిన్నెకు, అంతే పాలకు అది ఎండాకాలమైనా చలికాలమైనా పెద్దగా మారదు. మారేది గది. గది 30 ఉన్నప్పుడు 60ని 12కు దించాలి, రెండు సగాలకు పైన మరికొంత, మా గిన్నెకు 58 నిమిషాలు. సంక్రాంతి రాత్రుల్లో గది 21 ఉంటే 69ని 21కి దించాలి, రెండు సగాలు కూడా కాదు. లెక్క ప్రకారం 43 నిమిషాలు చాలు. చలికాలంలో పెరుగు సరిగా తోడుకోకపోవడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. అలవాటు ప్రకారం అదే గంటకు తోడు వేస్తాం, అప్పటికి పాలు కావలసిన దానికన్నా చల్లారిపోయి ఉంటాయి. పావుగంట ముందు వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి పెడితే తోడుకుంటుంది.

మా వంటింటి అలమర తలుపు లోపలివైపు నా భార్య పెన్సిల్‌తో రాసిన అంకెలున్నాయి. అర లీటరు గిన్నెకు 25. లీటరున్నర గిన్నెకు 40. వాటి కింద మొన్న సంక్రాంతినాటి తేదీ, దాని ఎదురుగా రెండు అంకెలు. 43 అని నేను లెక్కకట్టి చెప్పింది. 46 అని ఆ రాత్రి థర్మామీటరు 42 డిగ్రీలు చూపినప్పుడు ఆమె గడియారం చూసి రాసింది. మూడు నిమిషాల తేడా ఎందుకొచ్చిందో మేమిద్దరం ఇంకా తేల్చుకోలేదు. రెండు అంకెలూ అలాగే ఉన్నాయి.